ఆకువక్క పెట్టి ఇచ్చిన కార్డులు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాసంగ్రామం. ఇందులో రెండు పట్టణాలున్నాయి. అన్నదమ్ములున్నారు. నమ్మకం, అపనింద, జనం తిరగబడటం, చివరికి లారీలతో దండు కదలడం కూడా ఉన్నాయి. అసలు పద్యాల్లో రాయాల్సిన కథ. నాకు పద్యం రాదు కాబట్టి వచనంతో సరిపెడుతున్నాను.

సరే, అంత లేదు. ఎరువుల అంగడిలో కార్డు గీకే మిషన్ గురించి బ్యాంకు వాళ్లు కొన్ని ప్రశ్నలు పంపితే జవాబులు రాశాను. లారీ కూడా ఒక్కటే.

మాది నంద్యాలలో విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల అంగడి. నాయన అక్కడ కూర్చుంటాడు. ఆళ్లగడ్డలో ఇంకో అంగడి ఉంది, దాన్ని చిన్నాయన చూసుకుంటాడు. నేను ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేదాకా అని చెప్పి నంద్యాల అంగడిలో కూర్చున్నాను. ఉద్యోగం రాలేదు, నేను లేవలేదు.

ఇప్పుడు పంట రుణం చాలామందికి కార్డులో పడుతోంది. రైతు ఆ కార్డు తెచ్చి మా మిషన్లో గీకి, విత్తనాలో యూరియానో తీసుకుపోతాడు. అందువల్ల తొలకరికి ముందు మా అంగట్లో దేవుడి పటం లేకపోయినా ఎలాగో గడుస్తుంది గానీ, కార్డు మిషన్ లేకపోతే గడవదు. ఈ మాట నాయన ముందు అనే ధైర్యం నాకు లేదు.

సరిగ్గా ఆ తొలకరి ముందే బ్యాంకు వాళ్ల నుంచి మెయిల్ వచ్చింది. కార్డులు తీసుకునే వర్తకులు కార్డు డేటా భద్రతా ప్రమాణాలు పాటిస్తున్నామని ఒక ప్రశ్నావళి నింపి తామే ధ్రువీకరించుకోవాలట. నెలాఖరులోగా నింపకపోతే మిషన్లు ఆగిపోతాయట. రెండు అంగళ్లకూ ఖాతా ఒకటే కాబట్టి, ఆగితే రెండూ ఆగుతాయి. నంద్యాలలో పట్నం జనం ఫోనుతోనైనా కట్టిపోతారు. ఆళ్లగడ్డకు వచ్చే పల్లెల వాళ్ల చేతిలో ఉండేది పంట రుణం కార్డే. మిషన్ ఆగితే చిన్నాయన సీజన్ మొత్తం పక్క వీధి అంగడికి పోతుంది.

"ఏందిరా ఇది?" అన్నాడు నాయన, నా ఫోన్‌ను దూరంగా పట్టుకుని.

"మనం దొంగలమా కాదా అని మనల్నే అడుగుతాండారు నాయనా."

"కాదని రాసెయ్."

"అంత సులభంగా ఇడిసిపెట్టేటట్టు లేరు."

లేరు కూడా. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్కొక్కటి మూడుసార్లు చదివితే మొదటిసారి అర్థమైనట్టు అనిపించింది కూడా పోయేది. ప్రతి ప్రశ్నకూ అవును, కాదు, వర్తించదు అని మూడు గడులు. నేను చదివి తెలుగులో చెప్పడం, నాయన తీర్పు ఇవ్వడం, ఆ తీర్పును నేను మళ్లీ ఇంగ్లీషులోకి దించడం. ఇంజినీరింగ్‌లో నేర్చుకున్నది దేనికీ పనికిరాలేదని ఇంట్లో అనేవాళ్లు. దీనికి కూడా పనికిరాలేదు.

"పనివాళ్ల పూర్వాపరాలు విచారించి పెట్టుకున్నారా అంటాండారు నాయనా."

"ఆళ్లగడ్డలో పనోడు ఎవడు? నా తమ్ముడు. వాని పూర్వాపరాలు నాకు తెలిసినంత పోలీసోళ్లకు గూడ తెలీవు. అవునని కొట్టు."

"ఏమన్నా జరగరానిది జరిగితే ఏం చేస్తారో ముందే అనుకోని ఉండారా?"

"ఉండాము. వాడు నాకు ఫోన్ చేస్తాడు. నేను వాన్ని తిడతా."

దీన్ని నేను 'సమాచారం వెంటనే పై స్థాయికి చేరుతుంది, తగిన చర్య తీసుకోబడుతుంది' అని ఇంగ్లీషులో రాశాను. చదివితే నాకే మా అంగడి మీద గౌరవం కలిగింది.

"మిషన్‌ను ఎవడన్నా మార్చేసినాడేమో అని అప్పుడప్పుడు సూసుకుంటారా?"

నాయనకు ఈ ప్రశ్న నచ్చింది. "ఆయుధ పూజకు పెట్టిన పసుపు కుంకుమ దానికి ఇంకా అంటుకోనే ఉండాది. సందుల్లోకి పోయింది, గోరుతో గీకినా రాదు. ఏ దొంగ నా కొడుకు అట్లాంటి మిషన్ ఇంగోటి తయారు చేస్తాడు?"

ఆలోచిస్తే ఇది గట్టి జవాబే. 'పరికరంపై గుర్తింపు చిహ్నం ఉంది' అని రాశాను.

ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. కొనుగోలుదారుల కార్డు నంబర్లు, రహస్య నంబర్లు మీ దగ్గర ఏ రూపంలోనైనా ఉంచుకుంటున్నారా? దీనికి మాత్రం అబద్ధం రాయకూడదని ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను.

"చిన్నాయనా, జనాల కార్డు నంబర్లు యాడన్నా రాసిపెట్టుకోనుండావా?"

"నాకేం పనిల్యాక రాసుకుంటానా? ఒక్కటి గూడ రాయలే."

కాదు అని కొట్టాను. ఇక మిగిలింది ఆళ్లగడ్డ మిషన్ వెనకాల ఉండే నంబరు. చిన్నాయన చదివాడు, నేను నింపాను, తప్పు అని వచ్చింది. మళ్లీ చదివాడు, మళ్లీ తప్పు. ఎరువుల అంగట్లో రెండు మిషన్లుంటాయి. ఒకటి మాది, కార్డు గీకేది. రెండోది ప్రభుత్వానిది, సబ్సిడీ ఎరువు ఇచ్చేముందు రైతు వేలిముద్ర తీసుకునేది.

"ఏ మిషన్ది సదువుతాండావు చిన్నాయనా?"

"మిషన్దే."

"కార్డుదా, వేలిముద్రదా?"

"రెండిటికీ కుంకుమ పెట్టినా గదప్పా, అది యాడ తెలుస్తాది?"

నాయన నా వైపు చూశాడు. "నువ్వే పోయి ఫోటో కొట్టుకోని రాపో."

అట్లా మరుసటి ఉదయం ఆళ్లగడ్డ బస్సెక్కాను. దారంతా ప్రశ్నావళి చదువుతూనే ఉన్నాను. ఒకచోట తెలుగులోకి మార్చుకుంటే 'కార్డుదారుల సమాచార వాతావరణం' అని వచ్చింది. కిటికీలోంచి చూశాను. శిరివెళ్ల దగ్గర నల్లరేగడి దున్ని పెట్టుంది, పైన మబ్బు పట్టుంది. వాతావరణం గురించి నాకు అర్థమైంది అంతే.

అంగడి చేరేసరికి చిన్నాయన చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతున్నాడు. నన్ను చూసి కూర్చోమని కళ్లతో చెప్పాడు. లక్ష్మీదేవి పటం కింద నుంచి పాత బిస్కెట్ల డబ్బా తీశాడు. మూత తెరిచాడు. అందులోంచి ఎర్ర రబ్బరు బ్యాండు వేసిన కట్ట తీసి, ఒక కార్డు బయటికి లాగాడు.

"ఆఁ పెద్దాయనా, విత్తనాలు, మందులు ట్రాక్టర్లో ఏపిస్తా. కార్డు గీకుతాండా. నంబరు పాతదే గదా? మార్చినావా?" అని అడిగి, ఆ పాత నంబరు పైకి చదివాడు. బయట సోడా తాగుతున్న మనిషి కూడా విని ఉంటాడు. మిషన్‌లోంచి చీటీ వచ్చింది.

నేను డబ్బాలోకి తొంగి చూశాను. కార్డులు. నీలం బ్యాండు కట్ట ఒకటి, పచ్చ బ్యాండు కట్ట ఒకటి. పల్లెకో రంగు. ప్రతి కార్డు వెనకా దెబ్బలకు వేసుకునే తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, దానిమీద బాల్‌పెన్నుతో రహస్య నంబరు.

"చిన్నాయనా, ఏందివి?"

"కార్డులు."

"ఎవరివి?"

"వాళ్లవే."

"నిన్న ఫోన్లో ఏం లేవంటివి!"

"నంబర్లు రాసుకున్నావా అని అడిగినావు. రాసుకోలే. ఆ ప్లాస్టర్ల మీద రాసింది వాళ్లు, వాళ్ల పిల్లోళ్లు. కార్డులుండాయా అని అడిగినావా నువ్వు?"

నా ప్రశ్నను మనసులో మళ్లీ చదువుకున్నాను. నిజమే, అడగలేదు.

నిదానంగా అడిగితే చెప్పాడు. వాళ్ల నాయన కాలంలో, అంటే మా తాత కాలంలో, రైతులు పట్టా పుస్తకాలు అంగట్లో పెట్టి పోయేవాళ్లట. ఇంట్లో పెడితే ఎలకలు కొడతాయి, వానకు తడుస్తాయి, తమ్ముడు తాకట్టు పెట్టేస్తాడు. అంగట్లో ఐతే భద్రం. ఇప్పుడు కార్డులు వచ్చాయి, కార్డులు పెడుతున్నారు. ఫోన్ చేస్తే చాలు, గీకి సరుకు పంపుతాడు. ఒక్క రూపాయి తేడా వచ్చిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. చెప్తున్నప్పుడు ఆయన మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది. బ్యాంకు వాళ్ల భద్రతా ప్రమాణాలన్నీ తిరగేసి చదివితే ఎట్లా ఉంటుందో, ఆ డబ్బా అట్లా ఉంది. అయినా ఆ ప్రమాణాలు చేయాల్సిన పని, అంటే జనం సొమ్మును భద్రంగా ఉంచడం, డబ్బా చేస్తూనే ఉంది. నాకు ఎవరి వైపు మాట్లాడాలో తెలియలేదు. అందుకని హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను.

చాలాసేపు పాట వినిపించాక ఒకామె పలికింది.

"మేడం, మేము కార్డు డేటా ఉంచుకోవడం లేదు. కార్డులు ఉంచుకుంటున్నాం."

"అంటే కార్డు డేటా స్టోర్ చేస్తున్నారా సార్?"

"డేటా కాదు మేడం. కార్డులు. డబ్బాలో."

అవతల కీబోర్డు టకటకలాడింది. "సార్, ఆ ఆప్షన్ మా దగ్గర లేదు."

"వర్తించదు అని కొట్టమంటారా?"

"అది మీ ఇష్టం సార్. తప్పు ఉంటే మిషన్ బ్లాక్ అవుతుంది. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇప్పటిదాకా చేసింది ఏమిటో తెలిస్తే ఇంకేమైనా కావాలో వద్దో చెప్పేవాణ్ని.

నాయనకు ఫోన్ చేశాను. ఆయనకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఎవరివి వాళ్లకు ఇచ్చెయ్యమను. సీజన్లో మిషన్ ల్యాకుంటే ఏం గీకల్ల? మా మొగాలు గీక్కోవల్ల?"

చిన్నాయన ఒప్పుకోవడానికి మధ్యాహ్నం అయింది. ఒకరు నమ్మి పెట్టిన వస్తువును ఊరికే చేతిలో పెట్టి పొమ్మనడం ఆయన వల్ల కాదు. వాళ్లను అవమానించినట్టు అవుతుందట. అందుకని, నా మాట వినకుండా, చిన్నమ్మతో చెప్పి ఆకులు, వక్కలు, అరటిపండ్లు తెప్పించాడు. ఫోన్ చేసి పిలిస్తే వచ్చిన ప్రతి మనిషికీ స్టీలు పళ్లెంలో ఆకువక్క, పండు, మీద కార్డు. రెండు చేతులతో ఇచ్చాడు. ప్లాస్టరు ముక్కలు మాత్రం నేను పీకి చించేశాను. నాకు ఆ కార్యక్రమం చూడముచ్చటగానే అనిపించింది. ప్రమాణాల్లో ఆకువక్క పెట్టకూడదని ఎక్కడా లేదు కదా అనుకున్నాను.

మూడో మనిషో నాలుగో మనిషో ఒక ముసలమ్మ. పళ్లెం చూసి చేతులు వెనక్కి తీసుకుంది.

"ఏం సెట్టీ, నేనేం తప్పు చేసినా?"

"తప్పేం ల్యాదు అవ్వా, బ్యాంకోళ్లు రూలు పెట్టినారు."

"ఇంటికి తీసకపోతే నా మనవడు తీసుకుంటాడు. ఫోన్లో ఆటలాడి అంతా ఊడగొడతాడు. ఈడుండనీ."

నేను మధ్యలో దూరాను. "అవ్వా, మీ మనవనికి నంబరు తెలీకుండా మార్చుకో. ఎవరికీ చెప్పొద్దు."

"సెట్టికి చెప్తా."

"సెట్టిక్కూడ చెప్పొద్దు."

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "సెట్టికి గూడ చెప్పకుంటే ఇంగ ఎవరికి చెప్పల్ల నాయనా?"

ఎవరికీ చెప్పకూడదు అవ్వా, అన్నాను. అట్లాంటి మాట ఆమె అంతకుముందు విని ఉన్నట్టు లేదు. కార్డు కొంగుకు ముడేసుకుని, ఆకువక్క అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. చిన్నాయన చాలాసేపు ఆ పళ్లేన్నే చూస్తూ ఉన్నాడు. నేను ఒలవబోయిన అరటిపండును మళ్లీ అందులోనే పెట్టేశాను.

మరుసటి రోజు ఉదయం షట్టరు ఎత్తేసరికి బయట జనం ఉన్నారు. సీజన్ మొదలైందని సంతోషించాను. వాళ్ల మొహాలు చూస్తే కొనడానికి వచ్చిన మొహాల్లా లేవు.

"సెట్టీ, నేను చెప్పుకున్న పత్తి విత్తనాల బ్యాగులు ఇప్పుడే ఇచ్చెయ్."

"ఏందప్పా, వానే పడలేదు. ఇప్పుడే తీసకపోయి ఏం చేస్తావ్?"

"అట్లనే ఇచ్చెయ్. నువ్వు ఉంటావో పోతావో."

విషయం మెల్లగా బయటపడింది. అంగడి ఎత్తేసే సెట్టి తన దగ్గర జనం పెట్టినవన్నీ ముందు తిరిగిచ్చేస్తాడు. ఇక్కడ అది అందరికీ తెలిసిన సంగతి. మర్యాదస్తుడైతే ఆకువక్క కూడా పెడతాడు. చిన్నాయన మర్యాదస్తుడని జిల్లాలో పేరుంది. రుద్రవరం వైపు పల్లెల్లో రాత్రికి రాత్రి మాట పాకిపోయింది. సెట్టి దివాలా తీస్తాండాడు.

దివాలా తీయని అంగడి కూడా ఆ మాటతో దివాలా తీయగలదు. పొద్దున పదింటికి విత్తన కంపెనీ మనిషి ఫోన్ చేసి, మామూలుగానే ఫోన్ చేశానని చెప్పాడు. మామూలుగా ఆయన ఎప్పుడూ ఫోన్ చేయడు. చిన్నాయన ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. మిషన్ కాపాడుకోబోయి అంగడే పోగొట్టుకునేట్టున్నాం.

నేను కల్పించుకోవాల్సిన సమయం వచ్చిందనుకున్నాను. యూరియా మూటెక్కి నిలబడి అందరికీ వివరించాను. ప్రపంచవ్యాప్తంగా కార్డు డేటాకు భద్రతా ప్రమాణాలున్నాయని, వర్తకులు వాటిని స్వయంగా ధ్రువీకరించాలని, ఇది కేవలం ఆ ప్రక్రియలో భాగమని. మధ్యలో సాక్ష్యంగా కార్డు మిషన్‌కు వెనకా ముందూ తీసిన ఫోటోలు కూడా చూపించాను.

ముందు వరసలో ఒకాయన నిదానంగా అడిగాడు. "నువ్వెవరప్పా?"

నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి ఇంకొకరు జవాబిచ్చారు. "బ్యాంకోడు. నిన్నట్నుంచి సూస్తాండా, అన్నిటికీ ఫోటోలు కొట్టుకుంటాండాడు. జప్తుకొచ్చినాడు."

"జప్తు కాదన్నా, నేను సెట్టి అన్న కొడుకును!"

"అట్లనా? అంటే అన్నే తమ్ముని మీదికి పంపినాడా?"

మూట మీద నుంచి దిగేశాను. ఒక ప్రసంగంతో బ్యాంకు జప్తు, అన్నదమ్ముల తగాదా రెండూ సృష్టించగలిగాను. ఇంటర్వ్యూల్లో నాకున్న ప్రతిభ ఏమిటని అడిగినప్పుడు ఇది చెప్పాల్సింది.

చిన్నాయన నన్ను లోపలికి లాగి కూర్చోబెట్టాడు. "నువ్వు గమ్మునుండు. ఇంగొక్క మాట మాట్లాడినావంటే నన్ను జైల్లో ఏపిస్తావ్." తర్వాత నాయనకు ఫోన్ చేశాడు. దివాలా ఊసెత్తలేదు. "అన్నా, లోడు పంపు. పగటిపూట పంపు. నిండుగా కనపడల్ల. మూటల మీద తాటిపట్ట కప్పొద్దని చెప్పు."

అవతల నాయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అంగడి మీద చెడ్డమాట లేస్తే ఏం చేయాలో వాళ్లిద్దరికీ ముందే తెలుసు. ఏ ప్రశ్నావళికీ నేను రాయని ప్రణాళిక అది.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు లారీ వచ్చింది. ఎరువు మూటలు పైదాకా కనిపిస్తున్నాయి. చిన్నాయన కుర్చీ తెచ్చుకుని రోడ్డు పక్కన వేసుకుని కూర్చున్నాడు. హమాలీలు మూటలు చకచకా దించబోతే కసిరాడు.

"యాడికి పోవల్ల మీరు? నిదానంగా దించండప్పా."

"ఎప్పుడూ బిన్నా బిన్నా అని సంపుతావు గదా సెట్టీ, ఈ పొద్దు ఏమైంది?"

"ఈ పొద్దు ఎండ ఎక్కువుంది. మీ ఆరోగ్యం ముఖ్యం."

ఆ పొద్దంతా లోడు దిగుతూనే ఉంది. ఒక మూట దించడం, మధ్యలో మంచినీళ్లు, మళ్లీ ఒక మూట. దారిన పోయే వాళ్లందరూ చూశారు. బ్యాగులు ఇప్పుడే కావాలన్న మనిషి కూడా సోడా తాగుతూ కాసేపు చూసి, "ఇన్ని మూటలు దించుకునేవాడు యాడికి పోతాడు లే" అని వెళ్లిపోయాడు. సాయంత్రానికి జనం పలచబడ్డారు. కంపెనీ మనిషి 'మామూలుగా' మళ్లీ ఫోన్ చేయలేదు. ముసలమ్మ కూడా వచ్చి ఆ మూటల మీదే కూర్చుంది. బ్యాంకుకు పోయి నంబరు మార్చుకుని వచ్చిందట. చిన్నాయన చెవి దగ్గరికి వంగబోతే ఆయనే చెవులు మూసుకున్నాడు.

"చెప్పొద్దు అవ్వా! నీ కాళ్లు మొక్కుతా, నాకు చెప్పొద్దు!"

ఆమె నవ్వింది. నంబరు మరిచిపోతే ఏం చేయాలని అడిగింది. అది మాత్రం నాకూ తెలియదు.

డబ్బా ఖాళీ అయింది. విత్తనాల అట్టపెట్టె కోసి, మిషన్‌కు మూడు వైపులా నిలబెట్టే అడ్డు ఒకటి చేశాను, నంబరు కొట్టేటప్పుడు ఎవరికీ కనపడకుండా. చిన్నాయన గోడ వైపు తిరిగి నిలబడటం సాధన చేశాడు. నంద్యాలకు వచ్చి, సరైన మిషన్ నంబరు వేసి, ప్రశ్నావళి పూర్తిచేశాను. అర్థమైన వాటికి నిజం రాశాను. అర్థం కాని వాటికి కూడా నిజమే రాసి ఉంటానని ఆశ.

నెలాఖరుకు ముందే ధ్రువపత్రం వచ్చింది. పాత మిషన్ కొత్త ప్రమాణాలకు సరిపోదని, దాంతోపాటు ఆళ్లగడ్డకు కొత్త మిషన్ కూడా వచ్చింది. తొలకరి పడింది. జనం వచ్చారు. ఈసారి కార్డులు జేబుల్లోంచి, కొంగు ముడుల్లోంచి, ఒకరిది టోపీలోంచి వచ్చాయి. ఎవరి నంబరు వాళ్లే కొట్టాలని చిన్నాయన ప్రతి ఒక్కరికీ చెప్పాడు.

కొత్త మిషన్లో వేసిన సిమ్ముకు అంగడి లోపల సిగ్నల్ రాదు. నంబరు కొట్టాలంటే అట్ట అడ్డు లోపలే వదిలేసి, మిషన్ పట్టుకుని రోడ్డు మధ్యకు రావాలి.